మిగిలిపోయిన టైమౌట్లు

గౌరీశ్వరి ఇక కబడ్డీ ఆడనంటోంది. తిరుపతిరావుకి వచ్చిపడ్డ చిక్కు అదీ.

డిగ్రీ కాలేజీ అమ్మాయిల జట్టుకి అతను తొమ్మిదేళ్ళుగా కోచ్. ఆ తొమ్మిదేళ్ళలో గౌరీశ్వరి లాంటి పిల్ల దొరకలేదు. కూతకి వెళ్ళిందంటే ఉత్త చేతుల్తో తిరిగి రావడం అరుదు. శుక్రవారం యూనివర్సిటీ జట్టుకి ఎంపికలు. ఆమెకి కాలేజీలో ఇదే ఆఖరి ఏడాది. అక్కడ నెగ్గితే ఆటల కోటాలో ఎక్కడో ఓ ఉద్యోగం రాకపోతుందా అని ఇంటిల్లిపాదీ ఆశపెట్టుకున్నారు. అలాంటిది గురువారం పొద్దున్న హాస్టల్ వరండాలో నిలబడి, "నేను రాను సార్. నాకు టైమ్ తెలీదు కదా, జట్టుకి నష్టం," అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట ఆమె సొంతం కాదు. ఆదివారం తిరుపతిరావు అన్నదే తిరిగి అతనికి అప్పజెప్పింది.

ఆదివారం కాలేజీల మధ్య ఫైనల్. ఆట ఇంకా యాభై సెకన్లుందనగా వీళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. గౌరీశ్వరి కూతకి వెళ్ళింది. ఒక్కో కూతకి ముప్పై సెకన్లు గడువు. తనకి ఇంకో కూత వస్తుందనుకుని ఆ పిల్ల తెగించలేదు. అవతలివాళ్ళని అటూ ఇటూ ఉరికించి, ఎవరినీ తాకకుండానే గడువు చివర్లో వెనక్కి వచ్చేసింది. మిగిలిన ఇరవై సెకన్లనీ అవతలి జట్టు పిల్ల వచ్చి, చేతికి చిక్కకుండా తప్పించుకు తిరుగుతూ కూతలోనే కరగదీసింది. ఈల మోగింది. కప్పు పోయింది.

తిరుపతిరావు కోర్టు మధ్యకి వెళ్ళి, అంత జనం చూస్తుండగా ఆ పిల్లని నిలబెట్టి కడిగేశాడు. "టైమ్ చూసుకోవద్దా? కూతకెళ్ళేదానికి ఆ మాత్రం తెలీదా? నీలాంటిది ఒక్కత్తి చాలు జట్టు మునగడానికి." గౌరీశ్వరి తల వంచుకుని మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటూ ఉండిపోయింది. ఆ తర్వాత ప్రిన్సిపాల్ అడిగితే అతను అదే చెప్పాడు. విలేకరి అడిగితే అదే చెప్పాడు. ఇంట్లో భార్య ఏమీ అడక్కపోయినా ఆవిడకీ చెప్పాడు. ఆడలేనివాడు మద్దెల ఓడంటే వినేవాళ్ళు నమ్మినా నమ్మకపోయినా, అన్నవాడికి మాత్రం నిజమేమిటో తెలుస్తూనే ఉంటుంది.

అతను ఎవరికీ చెప్పనిది ఒకటుంది. రెండో సగంలో వాడుకోవలసిన టైమౌట్లు రెండూ అతని దగ్గరే మిగిలిపోయాయి. ఆ పిల్ల కూతకి వెళ్ళేముందు చెయ్యెత్తి ఒకటి అడిగితే చాలు, గడియారం అర నిమిషం ఆగేది. "ఇదే ఆఖరి కూత, ఎవర్నో ఒకర్ని తాకి రా," అని ఒక్క ముక్క చెప్పడానికి ఆ అర నిమిషం బోలెడు. కానీ టైమౌట్లు దాచుకోవాలి, అవసరానికే వాడాలి అన్నది తిరుపతిరావు పద్ధతి. దాని గురించి కుర్ర కోచ్‌లకి పాఠాలు కూడా చెప్పేవాడు. తీరా అవసరం వచ్చేసరికి ఆయనగారు రిఫరీల బల్ల దగ్గర, అంతకు ముందెప్పుడో పోయిన ఒక బోనస్ పాయింటు గురించి వాదులాడుతున్నాడు. గడియారం ఆ బల్ల మీదే, మూరెడు దూరంలో ఉంది. చూడలేదు.

కూతలో ఉన్న గౌరీశ్వరి రెండుసార్లు ఆ బల్ల వైపు చూసింది. రెండోసారి చూడడం అతని కంటపడింది కూడా. అయినా బోనస్ పాయింటు వదల్లేదు.

నాలుగు రోజులుగా అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ చూపే గుర్తొస్తోంది. గుర్తొచ్చినప్పుడల్లా ఆ పిల్ల మీద ఇంకాస్త కోపం తెచ్చుకుంటున్నాడు. సిగ్గుపడడం కన్నా కోపం తెచ్చుకోవడం తేలిక మరి.

గురువారం సాయంత్రం బండి వేసుకుని దాలినాయుడు మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. తిరుపతిరావుకి కబడ్డీ నేర్పింది ఆయనే. వయసు డెబ్భై దాటింది. రిటైరయ్యాక ఊరి చివర రైస్ మిల్లు వెనక ఖాళీ స్థలంలో ఓ మట్టి కోర్టు వేసి, వచ్చినవాళ్ళకల్లా ఆట నేర్పుతున్నారు. పిల్లలు వచ్చేలోపు కోర్టంతా తడిమి రాళ్ళు ఏరడం ఆయన రోజువారీ పని. ఒక్క గులకరాయి మిగిలినా ఎవరి మోకాలో చీరుకుపోతుందని ఆయన భయం.

తిరుపతిరావు వెళ్ళేసరికి గొంతుక్కూర్చుని ఆ పనే చేస్తున్నారు. మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతోంది.

"మీరొకసారి ఆ పిల్లతో ఫోన్లో మాట్లాడాలి మాస్టారూ. మీరు చెప్తే కాదనదు," అన్నాడు తిరుపతిరావు, ఫైనల్లో జరిగింది తనకి అనువైనంత మేరకే చెప్పి. "పిల్ల మంచిదే. కూతలో టైమ్ చూసుకోదు, అదొక్కటే లోపం. అది మీరే నేర్పాలి."

"ఎందుకు చూసుకోదంటావు?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు." మాస్టారి ముఖంలోకి చూశాడు. "ఏం మాస్టారూ, మీకెవరైనా ఏమైనా చెప్పారా?"

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు పాపం.

"నాకెవలు చెప్తారురా, రాళ్ళేరుకునీవోణ్ణి," అన్నారు మాస్టారు. చేతిలో ఉన్న రాళ్ళు గట్టు మీద పోసి లేచారు. "చెప్పులిప్పి కోర్టులోకి రా. కూతకెళ్ళు."

"నేనా మాస్టారూ?"

"నువ్వే. టైమ్ నేను చూస్తాను. ముప్పై అవగానే చెప్తాను. చెప్పేవరకూ కూత ఆపకు."

గురువు మాట. తిరుపతిరావు ప్యాంటు పైకి మడిచి, గీత దాటి, కబడ్డీ కబడ్డీ అంటూ ఖాళీ కోర్టులోకి వెళ్ళాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసు, దానికి తగ్గ పొట్ట. మొదట్లో బాగానే ఉంది. పాత అలవాటు కాళ్ళకి గుర్తొచ్చి, ఎదురుగా ఏడుగురున్నట్టే అటూ ఇటూ కదిలాడు. కాసేపటికి ఊపిరి అందడం తగ్గింది. ముప్పై అయిపోయే ఉంటుందనిపించింది. కూత ఆపకుండానే మాస్టారి వైపు చూశాడు.

మాస్టారు అటు తిరిగి కూర్చుని రాళ్ళు ఏరుతున్నారు.

ఇంకో నాలుగడుగులు వేశాడు. గొంతు ఎండిపోయి, కూత గొణుగుడైంది. చెవుల్లో తన గుండె తనకే వినిపిస్తోంది. మళ్ళీ చూశాడు. మాస్టారి వీపు తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన ఏరిన రాయిని అరచేతిలో పెట్టుకుని, అదేదో వజ్రమైనట్టు పరీక్షగా చూస్తున్నారు. తిరుపతిరావు కూత తెగిపోయింది. గీత దాకా కూడా రాలేక అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. అందగానే ముందుగా వచ్చింది ఉక్రోషం.

"టైమ్ చెప్తానన్నారు కదా మాస్టారూ."

"ఏటి, నువ్వు చూసుకోలేదా?" అన్నారు మాస్టారు, వెనక్కి తిరక్కుండానే.

"కూతలో ఉన్నవాణ్ణి నేనెలా చూసుకుంటానండీ? వాచీ మీ దగ్గరుంటే..."

మాట అక్కడే ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిందేమిటో తనకే వినపడింది.

మాస్టారు రాళ్ళు ఏరుకుంటూ పక్కకి జరిగారు. మిల్లులోంచి ఊక వాసన వస్తోంది. తిరుపతిరావు మట్టిలోనే కూర్చున్నాడు. ముఖం భగ్గుమంటోంది. పరుగెత్తినందుకు కాదని అతనికి తెలుసు. నేల చీలితే బాగుణ్ణనిపించింది.

"రెండు టైమౌట్లూ నా దగ్గరే ఉండిపోయాయి మాస్టారూ," అన్నాడు చివరికి. "నేను గడియారం చూళ్ళేదు. ఆ పిల్ల నా వైపు చూసింది. చూడ్డం నేను చూశాను. అయినా పట్టించుకోలేదు. తప్పంతా దాని మీదకి తోసేశాను."

మాస్టారు అప్పుడు ఇటు తిరిగారు. కోపంగా లేరు. జాలిగానూ లేరు.

"ఈ మాట నాకెందుకు చెప్తున్నావురా?" అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి అమ్మాయిలంతా కాలేజీ మైదానంలో ఉన్నారు. గౌరీశ్వరి కూడా వచ్చింది, జెర్సీ తిరిగి ఇచ్చెయ్యడానికి. ఉతికి, మడతపెట్టి, సంచీలో తెచ్చింది.

తిరుపతిరావు ఆ సంచీ అందుకోలేదు. ఈల ఊది అందరినీ దగ్గరికి పిలిచాడు. జట్టంతా చుట్టూ చేరాక, ఏనాడూ లేనిది చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. అన్నీ చెప్పాడు. రెండు టైమౌట్లు, బోనస్ పాయింటు, బల్ల మీది గడియారం. సాకులేమీ కలపలేదు. ఎదురుగా ఉన్న పిల్లల ముఖాల్లో ఆశ్చర్యం కోసం వెతికాడు. ఒక్క ముఖంలోనూ కనిపించలేదు.

"నువ్వు నా వైపు చూసినప్పుడు నేను చూశానమ్మా," అన్నాడు గౌరీశ్వరితో. "చూసి కూడా ఊరుకున్నాను. తప్పు నాది."

"తెలుసు సార్," అంది గౌరీశ్వరి.

"తెలుసా?"

"అందరికీ తెలుసు సార్."

తిరుపతిరావు తల ఎత్తలేకపోయాడు. "మరి ఆవేళ అంత జనంలో నిన్ను అన్నేసి మాటలంటుంటే, ఒక్క మాట తిరిగి అనలేదేం?"

గౌరీశ్వరి గొంతులో దెప్పడం లేదు. అడిగినదానికి జవాబు చెప్పిందంతే.

"మీరే చెప్తారని చూశాను సార్. నాలుగు రోజులు చూశాను."

ఆమె జెర్సీ ఉన్న సంచీని భుజానికి తగిలించుకుంది. ఎంపికలకి బస్సు ఏడింటికే కదా అని అడిగింది. తిరుపతిరావు వాచీ చూసుకుని, అవునన్నాడు.