మూడో కేకమ్మ కొండ

పూర్వం, అంటే దేవతలు రథాలెక్కి తిరిగిన కాలం కాదు, మనుషులే రెక్కల యంత్రాలెక్కి దేవతల దారికి అడ్డం పడుతున్న ఈ కలియుగంలోనే, తూర్పు కనుమల్లోని పాలగెడ్డ అనే గిరిగ్రామంలో పాంగి చిలకమ్మ అనే పుణ్యవతి నివసిస్తూ ఉండేది. ఆ కొండల్లో మంచు దిగితే ఎదుటి మనిషి కంటికి ఆనడు. అటువంటి వేళ ఎవరు పిలిచినా, మూడు కేకలు వినపడేదాకా బదులు పలకరాదని పెద్దల కట్టడి. మనిషి మూడుసార్లు పిలుస్తాడనీ, కొండదెయ్యం రెండింటితో నోరు మూస్తుందనీ వారి నమ్మిక. దెయ్యానికి ఆ లెక్క ఎవరు నేర్పారని అడిగినవారు మాత్రం లేరు.

ఒక శ్రావణమాసాన, హోరుగాలీ కుంభవృష్టీ ఏకమై కొండను కుదిపేస్తున్న మధ్యాహ్నవేళ, కొద్దిమంది ప్రయాణికులతో పోతున్న చిన్న విమానమొకటి దారి తప్పి శిఖరానికి తగిలి కూలిపోయింది. ఊరివారు పిడుగనుకొని తలుపులు బిగించుకున్నారు. వాన వెలిసి మంచు కమ్మాక పైనుంచి ఒక కేక వినిపించింది. కొంతసేపటికి మరొకటి, సన్నగా. ఆపైన ఏమీ లేదు.

చిలకమ్మ గడప దాటబోగా, ఊరిపెద్దయిన ఆమె మామ బల్లన్న అడ్డు నిలిచాడు.

"రెండే ఇనిపించాయి కోడలా. ఎల్లావంటే అది నిన్ను మింగేస్తాది."

"మడిసే అయ్యుండి, మూడో కేకకి ఊపిరి సాలకపోతేనో?"

చిత్రమేమిటంటే, తరతరాలుగా ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. బల్లన్న మాత్రం కట్టడి కట్టడేనంటూ గడప వదలలేదు.

"అయితే ఆ మూడోది నేనే ఏస్తాను మామా" అని ఆ సాధ్వి కొండవైపు తిరిగి, గుండెలవిసేలా కేక పెట్టింది. లెక్క నిండింది. ఇక ఇంట్లో కూర్చోవడానికి ఎవరికీ సాకు మిగల్లేదు. బల్లన్నే కర్ర పట్టుకొని ముందు నడిచాడు.

విరిగిన రెక్క చాటున నలుగురు కొన ఊపిరితో దొరికారు. వారిని డోలీల్లో మోసి దింపారు, అందరూ బతికారు. ఆ రెండు కేకలూ వేసిన విమాన చోదకుడు మాత్రం, వీరు చేరేసరికే రాతికి చేరగిలబడి ప్రాణం విడిచి ఉన్నాడు.

అమ్మవారే చిలకమ్మ గొంతులో పలికిందని పూజారులంటారు. "అమ్మోరికేటి పని, అరిసింది నేను" అని ఆమె బతికినంతకాలం కోప్పడేది. ఎవరు పలికినా, చోదకుడు చేరగిలబడిన ఆ రాయి నేడు మూడో కేకమ్మగా పసుపు కుంకుమలందుకుంటోంది. పక్కనే విమానపు రేకు ముక్క నేటికీ కనబడుతుంది. ఆ ఊళ్లో ఇప్పుడు కేకలు లెక్కపెట్టరు. మంచులో ఒక్క పిలుపు వినబడితే చాలు, "దెయ్యమైతే తిరిగొచ్చేద్దాం, మడిసైతే మోసుకొద్దాం" అంటూ బయలుదేరుతారు.