దూడ ముక్కల మధ్య నడిచినవాళ్ళు

“నేటి నుంచి ఈ పట్నంలో ఏ హెబ్రీయుడూ తోటి హెబ్రీయుణ్ణి బానిసగా ఉంచుకోడు. ఇది మా ప్రమాణం.”

యెరూషలేము ఆఖరి రాజు సిద్కియా మాట అది. బబులోను సైన్యం కోటను ముట్టడించి ఉన్న రోజులవి. దేవాలయం ముందు దూడను రెండుగా నరికి, ఆ ముక్కల మధ్యగా పెద్దలంతా నడిచారు. మాట తప్పితే మాకూ ఈ గతే పట్టాలని ఆ నడకకు అర్థం.

సైన్యం వెనక్కి మళ్ళింది. పీడ విరగడైందనుకుని, వదిలిన బానిసలను పెద్దలు మళ్ళీ ఈడ్చుకొచ్చారు. రాజు నోరు మెదపలేదు.

ఎల్దాదు అనే కుర్రాడికి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే గురువు షాఫాతు ఇంటికొచ్చి అరుగెక్కి అరిచాడు.

“స్వేచ్ఛ భిక్ష కాదు, హక్కు! ద్రోహి సిద్కియా దిగిపోవాలి!”

“గొంతు బాగుంది. దిగి భోంచెయ్యి,” అన్నాడు షాఫాతు.

ఎల్దాదు మూట విప్పి గురువుకు ఒక రొట్టె ఇచ్చాడు. ముసలాయన దాన్ని వేళ్ళతో నొక్కి చూశాడు.

“మొన్నటిదాకా మాడిపోయినవి తెచ్చేవాడివి. ఇవాళ వెన్నలా ఉందే!”

“అవి అమ్మ చేసినవి లెండి. తిరగలి తిప్పలేక అమ్మకు చేతులు పడిపోయాయి. అందుకే నాయన, ఆ రోజు వదిలేసిన మా దాసి యెరూషాను మళ్ళీ...”

ఎల్దాదు ఆగిపోయాడు.

“పిలిపించాడా?”

“తీసుకొచ్చాడు.”

“మీ నాయన ఆ రోజు దూడ ముక్కల మధ్య నడిచాడా?”

“నడిచాడు. నేను పక్కనే ఉన్నాను.” వెంటనే గొంతు పెంచాడు. “అయినా గురువుగారూ, రాజే మాట నిలబెట్టుకుని ఉంటే...”

“రాజు మీ ఇంటికొచ్చి ఆమె చెయ్యి పట్టుకు లాగాడా, అబ్బాయీ?”



షాఫాతు రొట్టెను రెండుగా తుంచాడు. తన పైబట్ట నేల మీద పరిచి, ఈ చివర ఒక ముక్క, ఆ చివర ఒక ముక్క పెట్టాడు.

“నడువు.”

ఎల్దాదు కాలెత్తాడు. ఎత్తిన కాలు ముందుకు పడలేదు.

“పోనీ, తిను.”

అదీ చేతకాలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలోకి నడిచాడు.

ఇంటి ముంగిట్లో యెరూషా తిరగలి తిప్పుతోంది. తలెత్తి చూడలేదు. తండ్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“రాజును దించేసి వచ్చావా?” అని నవ్వాడు. “రా, రొట్టెలు చల్లారిపోతున్నాయి.”

“నాకొద్దు. యెరూషాను ఎప్పుడు పంపిస్తావు నాయనా?”

తండ్రి నవ్వు ఆగింది. “ఊరంతా పంపినప్పుడు.”

“ఊరి మాట నేనడగలేదు.”

ఎల్దాదు వచ్చి యెరూషాకు ఎదురుగా కూర్చున్నాడు. తిరగలి పిడి మీద చెయ్యి వేశాడు. ఆమె తన చెయ్యి తీసేసింది.

“నువ్వు ఆమెను పంపేదాకా ఇది నేను తిప్పుతాను, నాయనా. వచ్చే నెల, సీవాను మొదటి రోజు, పొద్దు గుంకేలోపు నాకు జవాబు కావాలి.”