మొదటి పద్ధతి గడ్డం

శరభవరం సంస్థానంలో కొత్తగా కరెంటు మోటారుతో నడిచే బియ్యం మిల్లు పెట్టారు. మోటారు వేగాన్ని అదుపు చేయడానికి మిస్త్రీ రెండు పద్ధతులు చూపించాడు. మొదటిది, మీటను ఒకచోట పెట్టి వదిలేయడం. రెండోది, చక్రాన్ని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండి, అది నెమ్మదిస్తే కరెంటు పెంచి, జోరెక్కితే తగ్గించే ఒక పెట్టె.

"నేను ఆజ్ఞ ఇచ్చాక అది జరుగుతోందో లేదో మళ్ళీ చూడడమా? నాకెంత నామోషీ!" అని దివాను వీరపరాజు మొదటిదే ఖాయం చేశాడు.

ఇంకేముంది, ధాన్యం ఎక్కువ పడితే మోటారు మూలిగింది. తక్కువ పడితే శివమెత్తి బియ్యమంతా నూకలు చేసింది.

"నేను పెట్టించిన మీట పెట్టినట్టే ఉంది. తప్పు కూలీలదే!" అని దివాను వాళ్ళందరినీ పనిలోంచి తీసేశాడు. వాళ్ళలో మంగలి ఎల్లమంద పెళ్ళాం కూడా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఎల్లమంద దివానుకు గడ్డం గీయడానికి వచ్చాడు. ఒక చెంప నున్నగా గీసి, కత్తి గొంతు మీద ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఒరేయ్, కళ్ళు తెరవరా!" అన్నాడు దివాను.

"ఎందుకు దొరా? కత్తి సరైన చోటే పెట్టాను. మళ్ళీ చూస్తే నా చేతికి నామోషీ."

"గుటక వేస్తే గొంతు కదులుతుందిరా!"

"కదిలితే తప్పు గొంతుదే కదా దొరా! నా కత్తి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది."

దివాను మెడ కదపకుండానే గుమాస్తాను పిలిచి, మిల్లుకు రెండో పద్ధతి పెట్టె బిగించమనీ, కూలీలను వెనక్కి పిలవమనీ చెప్పాడు.

మిగతా గడ్డం ఎల్లమంద కళ్ళు తెరిచి గీశాడు.