మీసాల రాయి

ఆ రాయెక్కినోళ్లు ముందు మీసం మీద చెయ్యెందుకు ఏసుకుంటారనా అడిగితివి? చెప్తా ఇను. ఎండలకు లెక్క లేదు, వానలకు గుర్తు లేదు, అంత కిందటి మాట.

గుట్ట కొననుండే ఆ రాయి మీద నిలబడితే ఏరు, చేలు, ఏడూర్ల పొయ్యిల పొగ, అన్నీ అగపడతాయి. అందుకే సింగడు ఆడ దాక్కున్యాడు. కరువులో పాలెగాని గరిసెలు పగలగొట్టి ఊర్లకు జొన్నలు పంచినోడు. వాని మొగం ఎవరికీ తెలీదు. మీసం మాత్రం అందరికీ తెలుసు. చెవులకు చుట్టుకునేంత మీసం.

వానికి గడ్డం గీసేదానికి మంగలి మద్దిలేటి వారం వారం కత్తుల పొది చంకనేసుకుని ఎక్కేటోడు. నా కత్తి ఇంతవరకు నెత్తురు చూళ్లేదని, అదొక్కటే ఆయప్పకు గొప్ప.

మొదటి వారం అడిగినాడు. "మీసం తీద్దామా సింగా? అదే నిన్ను పట్టిస్తాది."

"మీసం జోలికి రావాకు మామా."

రెండో వారం అడిగినాడు. మళ్లా అదే మాట. మూడో వారం మద్దిలేటి పైకెక్కి కిందికి చూస్తే, గుట్ట చుట్టూ పాలెగాని బంట్లు.

సింగడు ఈటె అందుకున్యాడు. మద్దిలేటి గిన్నెలో నీళ్లు పోసినాడు. "మీసం మళ్లా మొలుస్తాది, తల మొలవదు. కూచో."

సింగడు కండ్లు మూసుకుని కూచున్యాడు. మీసం పోయినాక ఆ మొగం ఒలిచిన ఉల్లిగడ్డ మాదిరి ఉండాదంట. మద్దిలేటికి అంత భయంలోనూ నవ్వాగలా. ఈటె ఆడనే పారేయించి, పొది వాని చంకన పెట్టి, కిందికి నడిపించినాడు.

బంట్ల పెద్ద ఆపినాడు. వీడెవడంటే, మా అక్క కొడుకు, పని నేర్చుకుంటాండాడు అన్యాడు మద్దిలేటి. అట్లయితే నాకు గియ్యమను, చూస్తానని ఆ బంట్ల పెద్ద గడ్డమెత్తి కూచున్యాడు.

సింగని చేతిలో కత్తి. కత్తి కింద పగోని గొంతు. మద్దిలేటి గిన్నె పట్టుకుని పక్కన నిలబడినాడు.

"నా కత్తి ఇంతవరకు నెత్తురు చూళ్లేదు అల్లుడా."

సింగడు మామ మొగం చూసినాడు. గీసినాడు. మెల్లగా, మెత్తగా, చంటిబిడ్డకు నలుగు పెట్టినట్ల. ఒక్క గాటు పడలా. బంట్ల పెద్ద తన గడ్డం తడుముకుని, మామను మించినావు పోరా అన్యాడు. సింగడు పోయినాడు. ఏరు దాటి పోయినాడు.

బంట్లు పైకెక్కితే రాయి మీద మీసం, ఈటె మాత్రమే ఉండాయి. తన గొంతు ఎవరికి అప్పజెప్పినాడో పెద్దకు అప్పుడు తెలిసింది. సిగ్గుకు ఎవరికీ చెప్పుకోలా, మద్దిలేటి జోలికీ పోలా.

ఇప్పుడు ఆడికి చూసేదానికి బస్సులేసుకుని వస్తాండారు. ఒకరు "తీద్దామా?" అంటారు. అందరూ మీసం మీద చెయ్యేసుకుని "మీసం జోలికి రావాకు మామా" అని అరుస్తారు, మీసం లేని ఆడోళ్లు గూడా. లోయంతా నవ్వుతాది.

అప్పట్లోనే, ముసలితనాన మద్దిలేటికి కాళ్లు పడిపోయినాక ఏడూర్లోళ్లు మంచంతో ఎత్తి ఆయప్పను ఆ రాయెక్కించినారు. పొద్దుగూకేదాకా మోసినోళ్లందరికీ గడ్డాలు గీసినాడు, నవ్విచ్చినాడు. ఇంటికొచ్చి పొది తలకింద పెట్టుకుని పండుకున్యాడు.

తెల్లారేసరికి మద్దిలేటి లేడు.