మేకల దొడ్లో కాఫీ

చిన్న కథే, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు ఆ కాఫీ సంగతి చెప్పాలి. సెనెగల్ దేశంలో సూఫీ గురువుల ఇళ్ళలో కాఫీగింజలతో పాటు జర్ అనే మిరియపు ఘాటున్న కాయల్ని కూడా వేయించి, దంచి, కాచి, గుడ్డలో వడగడతారు. పొగకు నల్లబడ్డ సన్నటి కాయలవి, ఎండిన పెసరకాయల్లా ఉంటాయి. ఆ కాఫీ తాగితే ఎంతసేపైనా జపం చేయొచ్చంటారు. ఊరి పెద్దల్లో ఒకాయన, ఇబ్ర మాత్రం అది తాగి మరీ గురక పెడతాడు. ఇంట్లో భార్య మాట్లాడుతుంటే కూడా అంతేనట. ఆవిడ మాటలు విన్నవాళ్ళెవరూ ఆయన్ని తప్పుపట్టరు.

ఎక్కడున్నాం? ఆఁ, చెప్పాల్సింది గోర కథ.

గోర షేక్ మసాంబగారి శిష్యుడు. పొరుగూరికి బోధకుడిగా వెళ్ళాలని అతని కోరిక. "తొక్క పారేయండి, గింజ పట్టుకోండి" అని దారినపోయే వాళ్ళందరికీ బోధించేవాడు. అతను వస్తుంటే బావి దగ్గర ఆడవాళ్ళు సగం నిండిన బిందెలే ఎత్తుకుని వెళ్ళిపోయేవారు.

"నన్నెప్పుడు పంపుతారు గురువుగారూ?"

"రేపు పెద్దలొస్తున్నారు. కాఫీ నువ్వు పెట్టు. తర్వాత చూద్దాం."

గోరకు కాఫీ తాగడమే తెలుసు. జర్ కాయలన్నీ ఒలిచి, గింజలు దాచుకుని, తొక్కలు మేకల దొడ్లోకి విసిరేశాడు.

వంట చేసే యాసిన్ చూసింది. "అయ్యో, అదేం పనిరా!"

"సారమంతా గింజలోనే ఉంటుందక్కా. అసలు తొక్క అంటే ఏమిటీ..."

ఉపన్యాసం మొదలవుతోందని యాసిన్ పారిపోయింది.

మర్నాడు పెద్దలు ఒక్క గుక్క తాగారు. వట్టి చేదు. వాసనే లేదు. ఒకాయన నోట్లో కాఫీ అలాగే ఉంచుకుని, ధ్యానంలో ఉన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఇబ్రకు నిద్ర వదిలింది. పొరుగూరు ఇక దక్కినట్టేనని గోర తల దించుకున్నాడు.

గురువుగారు గిన్నె పట్టుకుని లేచి, దొడ్లోకి వెళ్ళి మేకల మధ్య చతికిలబడ్డారు. గిట్టల కింద నలిగిన తొక్కలతో దొడ్డంతా ఘుమఘుమలాడుతోంది. ఆయన గట్టిగా గాలి పీల్చి, ఒక గుక్క తాగారు.

"ఇక్కడ కాఫీ బాగుంది. రండి."

పెద్దలు ఒక్కొక్కరే వచ్చి మేకల పక్కన కూర్చున్నారు.

గోర నలిగిన తొక్క ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసనంతా అందులోనే ఉంది.

"రేపు బయల్దేరు నాయనా," అన్నారు గురువుగారు.

"నాకేం తెలుసని?"

"నిన్నటిదాకా అన్నీ తెలుసు. అందుకే పంపలేదు."

గోర వెళ్ళాడు. ఆ ఊళ్ళో ఇంతవరకూ ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు. కాఫీ మాత్రం బాగుంటుందట.