మూత తీసిన డబ్బా

మరియదాసుకి ఆ వారమంతా అన్నం సయించలేదు. ఆదివారం చెన్నై దగ్గరి ట్రాక్ మీద కారు నడిపే అవకాశం ఎట్టకేలకు వచ్చింది. ఐదేళ్ల కింద ఓ పాత కారు కొని, తీరికైనప్పుడల్లా విప్పి బిగించి, రేసుకి పనికొచ్చేలా చేశాడు. ఇక బ్రేక్ ఆయిలు పోయడమే మిగిలింది. తను ఎంచుకున్న ఆయిలుకి మాత్రం, పని నేర్పిన ఉస్తాద్ చేత అవుననిపించుకోవాలని అతని కోరిక.

బాజీ ఉస్తాద్ షెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో ఉంది. దాసు పని నేర్చుకున్నది అక్కడే. ముప్పై ఏళ్లుగా ఉస్తాద్ బ్రేకులు తప్ప మరో పని ముట్టుకోలేదు. ఇప్పటికీ సైకిలు మీదే వస్తాడు. ఎవరైనా గొప్పలు మొదలెడితే వినీ విననట్టు స్పానరు తుడుచుకుంటాడు.

ఆయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఏ తప్పూ పట్టలేదు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద సన్మానం లేదు. తర్వాత అల్మారాలోంచి మామూలు బ్రేక్ ఆయిలున్న, సీలు తియ్యని డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

దాసు మొహం మాడిపోయింది. స్కూలు వ్యానుల్లో పోసే ఆయిలు తన కారుకా? సంచిలోంచి తువ్వాల్లో చుట్టిన చిన్న డబ్బా తీశాడు. అది రేసు కార్లలో పోసే ఆయిలు. ట్రాక్ మీద బ్రేకులు నిప్పుల్లా కాలుతాయి. ఆయిలు మరిగి బుడగలు లేచాయంటే పెడల్ నేలకంటుకుంటుంది, కారు ఆగదు. ఇది అంత తేలిగ్గా మరగదని, నాలుగేళ్లుగా చుక్క కూడా వాడకుండా ఈ రోజు కోసమే దాచానని దాసు చెప్పుకొచ్చాడు.

ఉస్తాద్ బొటనవేలితో మూత కదిపాడు. అది ఇట్టే తిరిగింది.

ఆయన టీ పెట్టుకునే స్టవ్ వెలిగించి పెనం పెట్టాడు. రెండు చిన్న స్టీలు గిన్నెల్లో చెరో చెంచా ఆయిలు పోశాడు, ఒకదాంట్లో దాసుది, ఇంకోదాంట్లో అప్పుడే సీలు తీసిన తన మామూలు డబ్బాది. రెండూ పెనం మీద పెట్టి పక్కకి తప్పుకున్నాడు. దాసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏది గెలుస్తుందో చూడక్కర్లేదనుకున్నాడు.

దాసు గిన్నెలో బుడగలు లేచాయి. పక్క గిన్నెలో ఆయిలు ఇంకా కదల్లేదు.

"ఎన్నిసార్లు మూత తీశావురా?" అన్నాడు ఉస్తాద్.

దాసు తల దించుకున్నాడు. పగలంతా ఊళ్లోవాళ్ల కార్లు బాగుచేసి ఇంటికెళ్లాక, మనసు బాగోలేనప్పుడల్లా ఆ డబ్బా మూత తీసి వాసన చూసేవాడు. ఆ వాసనకి ట్రాక్ మొత్తం కళ్ల ముందుకొచ్చేది. ఫోనులో తప్ప చూడని మలుపులన్నీ వచ్చేవి. భార్యకి కూడా చెప్పుకోలేదు. తెరిచిన డబ్బా వాడకూడదని కస్టమర్లకి రోజూ చెప్పే మనిషే. తన డబ్బా దగ్గరికొచ్చేసరికి, వాడనిది కొత్తదే కదా అని సరిపెట్టుకున్నాడు.

"లెక్కలేదు ఉస్తాద్."

"ఈ ఆయిలు గాల్లో తేమ తాగుద్ది. ఖరీదైంది ఇంకా ఎక్కువ తాగుద్ది. తేమ చేరిందంటే తొందరగా మరుగుద్ది. నువ్వు మూత తీసినప్పుడల్లా అది కృష్ణ మీది తడిగాలి తాగింది."

దాసు స్టవ్ కట్టేసి, తన డబ్బాని పాత ఆయిలు పీపాలో తనే ఒంపేశాడు. చివరి చుక్క దాకా పట్టుకుని నిలబడ్డాడు. అదంతా అయ్యాక నెమ్మదిగా అడిగాడు.

"మీకెప్పుడూ ఇలాంటిది కొనుక్కోవాలని అనిపించలేదా?"

ఉస్తాద్ రోడ్డు వైపు చూశాడు.

"కొన్నాను, పెళ్లికి ముందు. నేను సీలు కూడా తియ్యలేదురా."

దాసు బల్ల మీది మామూలు డబ్బా అందుకుని కారులో ఆయిలు పోశాడు. ఇక బ్రేకు గొట్టాల్లోని గాలి తియ్యాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చెయ్యాలి. ఆ షెడ్డులో పెడల్ ఎప్పుడూ శిష్యుడిది, నట్టు ఉస్తాద్‌ది. ఆ వరస ఒక్కనాడూ మారలేదు.

దాసు ఆయన చేతిలోని స్పానరు తీసుకుని, జాకీల మీద నిలబెట్టిన కారు ముందు చక్రం దగ్గర చతికిలబడ్డాడు.

"ఈసారి మీరు కూర్చోండి ఉస్తాద్."

ఉస్తాద్ వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని వచ్చి సీట్లో కూర్చున్నాడు. తలుపు వేసుకున్న చప్పుడైంది.

దాసు నట్టు మీద స్పానరు పెట్టి కాచుకున్నాడు. పెడల్ నొక్కిన చప్పుడు రాలేదు. కాసేపటికి లోపల స్టీరింగు కదిలి, అతని కళ్లెదుట ముందు చక్రం మెల్లగా ఎడమకి తిరిగింది. ఆగింది. మళ్లీ మెల్లగా కుడికి తిరిగింది.

నొక్కండి అని దాసు అనలేదు. స్పానరు పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాడు.