తాయారత్త కూర్చున్న కుండ

అనగనగా ఒక అడవి. లోపలికి పోకండర్రా, అంచునే ఆగండి. మన కథ అక్కడే ఉంది. ఆ అంచున ఒక తుమ్మచెట్టు, దాని తొర్రలో నీలాలు అనే ఉడుత. దానికి ముగ్గురు పిల్లలు. మొగుణ్ణి గద్ద ఎత్తుకుపోయింది, పాపం. ముగ్గుర్నీ సాకే బరువు దానిమీదే పడింది.

రైతులు కొర్రచేను కోసుకుపోయాక నేలమీద నాలుగు గింజలు రాలి ఉంటాయి. వాటిని పరిగ అంటారు. నీలాలు రోజంతా పరిగ ఏరి, ఏ పూటకాపూట పిల్లలకి వండి పెట్టేది. ఎండాకాలం ఎలాగో గడిచేది. ఆషాఢంలో ముసురు పట్టిందంటే మాత్రం వారం రోజులు గడప దాటడానికి ఉండదు. కిందటేడు ముసురులో చిన్నది, బుడంకాయ, ఆకలికి కళ్ళు తేలేసింది. చచ్చి బతికింది. అది తలుచుకుంటే నీలాలుకి ఇప్పటికీ ముద్ద దిగదు.

"ఈసారి ఎలాగైనా గింజలు దాస్తాను" అనుకుంది.

మొదట తొర్రలోనే ఓ మూల దాచింది. పిల్లల ముక్కుకి తెలియకుండా ఉంటుందా? మూడోనాటికి ఊడ్చిపెట్టేశారు. తర్వాత చేనుగట్టు దగ్గర మట్టిలో పాతిపెట్టింది. ఉడుత బుద్ధి మీకు తెలుసుగా, ఎక్కడ పాతిందో మర్చిపోయింది. గట్టంతా తవ్వి తవ్వి, చివరికి ఏడుస్తూ కూలబడింది.

అప్పుడే వాగు నుంచి తాయారత్త వచ్చింది. తాయారత్త ముసలి తాబేలు. నోరు కాస్త దురుసు, మనసు మాత్రం వెన్న.

"ఏమే కోడలా, గట్టుకి గండి కొడుతున్నావా?" అంది.

నీలాలు సంగతంతా చెప్పుకుంది.

"రోజూ ఎప్పుడు దాస్తావే?"

"పిల్లలు తిన్నాక ఏమన్నా మిగిలితే, అత్తా."

"మిగిలితే అన్నావు చూడు, అక్కడే చెడింది. మన ఇళ్ళల్లో మిగలడమేంటే? ఎసట్లో గింజ పడకముందే ఓ పిడికెడు పక్కకి తియ్యి. సాయంత్రం వాగు దగ్గర నా కుండలో వెయ్యి. ఎలుకా, పూరేడు పిట్టా కూడా వేస్తున్నారు. లోపల ఎవరి ఆకుదొన్నె వాళ్ళదే. మూతమీద నేను కూర్చుంటాను. నన్ను లేపడం ఎవరి తరం? నువ్వు మూడు పిడికిళ్ళు వేస్తే నేనొకటి కలుపుతాను."

"నీకెందుకత్తా ఆ శ్రమ?"

"నా కంటిముందు పిల్లలు పస్తుంటే నేను చూడలేనే" అంది తాయారత్త.

ఆనాటినుంచి నీలాలు రోజూ పిడికెడు తీసిపెట్టింది. తన పళ్ళెంలో ముద్ద చిన్నదైంది, అయినా మానలేదు.

వేసవిలో కొండమీద తిరనాళ్ళు వచ్చాయి. కోతి జీళ్ళు అమ్ముతోంది. బుడంకాయ తల్లి తోక పట్టుకుని ఒకటే పోరు. చివరికి నీలాలు మెత్తబడింది. పిల్లల్ని వెంటేసుకుని వాగుకి వెళ్ళింది.

"అత్తా, కాస్త లే. జీళ్ళకి నాలుగు పిడికిళ్ళు తీసుకుంటాను."

"నీ గింజలు నీవే. లెమ్మంటే లేస్తాను. ఒక్కటి చెప్పి తీసుకో. ఇవి ఏ రోజు కోసం దాచావే?"

నీలాలు బుడంకాయ మొహం చూసింది. కిందటేడు ఆ కళ్ళు ఎలా తేలిపోయాయో గుర్తొచ్చింది.

"లేవకత్తా" అంది మెల్లిగా.

దారి పొడుగునా పిల్లలు ఏడ్చారు. నీలాలూ ఏడ్చింది. బుడంకాయ రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. మూడోనాడు అలక మర్చిపోయి ఒళ్ళోకొచ్చి పడుకుంది.

ఆషాఢం వచ్చింది. ఎనిమిది రోజులు విడవకుండా ముసురు. తొలి చినుక్కే తాయారత్త లేచింది, కుండ తెరిచింది. నీలాలు తన దొన్నె ఇంటికి తెచ్చుకుంది. ఆ ఎనిమిది రోజులూ నీలాలు పొయ్యి ఆరలేదు. వాన చూస్తూ పిల్లలు వేడివేడి జావ తాగారు.

తొమ్మిదోనాడు ఎండొచ్చింది. చేనుగట్టుమీద పచ్చగా నాలుగు మొలకలు కనిపించాయి. నీలాలు పరుగున వెళ్ళి తాయారత్తని పిలుచుకొచ్చింది.

"అత్తా, ఇవి నేను పాతి మర్చిపోయిన గింజలే."

దొన్నెలో ఇంకా ఒక్క పిడికెడు మిగిలింది. "అదీ వండెయ్యమ్మా" అన్నారు పిల్లలు. నీలాలు వండలేదు. ఆ మొలకల పక్కనే చల్లింది.

మూడు నెలలకి తోకలంత కంకులు దిగాయి. పరిగ ఏరుకునే నీలాలుకి సొంత చేనుచెక్క పండింది. కోత అయ్యాక, రాలిన గింజల దగ్గరికి ఓ గోరింక బెదురుతూ వచ్చింది. దాని వెనక ఇద్దరు పిల్లలు.

"ఏరుకోనా అక్కా?"

"ఏరుకో తల్లీ. వండేముందు ఓ పిడికెడు మాత్రం తీసిపెట్టు. సాయంత్రం అత్త కుండ చూపిస్తాను" అంది నీలాలు.

మళ్ళీ తిరనాళ్ళు వచ్చాయి. ఈసారి ముగ్గురికీ మూడు జీళ్ళు కొంది. బుడంకాయ జీడి చేత్తో పట్టుకుని తల్లివంక చూసింది.

"అమ్మా, సగం దాచనా?"

నీలాలు దాన్ని దగ్గరికి లాక్కుంది. "వద్దమ్మా, ఇవాళ మొత్తం తినెయ్. దాచాల్సింది పొద్దున్నే దాచేశాను."

నీతి: వండేముందే పిడికెడు దాచుకున్న ఇంట్లో ముసురు రోజునా పొయ్యి వెలుగుతుంది, ఆ కుండకి కాపలా కూర్చునే అత్త ఒకరు తోడైతే, రేపటికి విత్తనమూ మిగులుతుంది.